హెడ్ క్లీనింగ్ ఎంత చేసినా లైట్ సయాన్ రావట్లేదు, ఇక సిరంజేనా?

ఏ3ప్లస్

అందరికీ నమస్కారం. నా దగ్గర ఎనిమిది రంగుల పిగ్మెంట్ ఇంకు ఫోటో ప్రింటర్ ఉంది, ఏ3 ప్లస్ సైజు. హెడ్ (ఇంకు చుక్కలు చిమ్మే భాగం) పీజో రకం, అంటే కరెంటు ఇస్తే వంగే స్ఫటికం ఇంకుని నెడుతుంది. ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది, చేత్తో ఊడదీసే వీలు లేదు. కొన్ని నెలలుగా ప్రింట్లు తీయలేదు. ఇప్పుడు నాజిల్ చెక్ (హెడ్‌లోని సన్న రంధ్రాలు, అంటే నాజిళ్లు, పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల పేజీ) తీస్తే లైట్ సయాన్ (లేత నీలం ఇంకు) సగానికి పైగా లేదు, మెజెంటాలో అక్కడక్కడా ఖాళీలున్నాయి. మామూలు హెడ్ క్లీనింగ్, దాని తర్వాత పవర్ క్లీనింగ్ (ఇంకు ఎక్కువగా లాగే గట్టి క్లీనింగ్) చేశాక మెజెంటా చాలావరకు వచ్చేసింది. లైట్ సయాన్ మాత్రం మొండికేసింది. ఇంకు చూస్తే కళ్ల ముందే తరిగిపోతోంది. ఆకాశం ఉన్న ఫోటో ఏది తీసినా చారలు చారలుగా వస్తోంది.

సిరంజితో హెడ్‌లోకి నేరుగా క్లీనర్ ఎక్కించే వీడియోలు కొన్ని చూశాను. చేయొచ్చా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

ఫోటోపిచ్చి

సిరంజి దాకా ఎందుకండీ. ఇంకో రెండు మూడు పవర్ క్లీనింగులు కొట్టండి, అదే వస్తుంది. అప్పటికీ రాకపోతే దూది మీద కాస్త రబ్బింగ్ ఆల్కహాల్ వేసి హెడ్ అడుగున తుడిచేయండి.

సర్వీస్‌బెంచ్

ఆగండాగండి. ఆ రెండు సలహాలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఏ3ప్లస్ గారూ, ముందు ఒక పని చేయండి. క్లీనింగ్ జోలికి పోకుండా నాజిల్ చెక్ ఒకటి తీయండి, వెంటనే ఇంకోటి తీయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. లైట్ సయాన్ ఖాళీలు రెండింట్లోనూ ఒకే చోట ఉన్నాయా, చోటు మారుతున్నాయా?

కదలకుండా ఒకే చోట ఉంటే అక్కడ ఇంకు ఎండి గట్టిపడి ఉండాలి, లేదంటే ఆ నాజిల్ తాలూకు పీజో మూలకం పోయి ఉండాలి. చోటు మారుతుంటే అది అడ్డు కాదు, గాలి. హెడ్‌లోకో డ్యాంపర్‌లోకో (హెడ్‌కి ఇంకు అందించే చిన్న గది) బుడగ దూరింది, లేదా ఇంకు సరిపడా అందట్లేదు. ముదురు రంగు పేజీ పైభాగంలో బాగా వచ్చి కిందికి పోయేకొద్దీ పలచబడుతుంటే అదీ ఇంకు అందకపోవడమే. గాలి ఉన్నచోట ఎంత ఖరీదైన క్లీనర్ పోసినా లాభం లేదు. ప్రింటర్ ఆపేసి ఓ రాత్రి వదిలేస్తే బుడగ దానంతటదే సర్దుకోవడం చాలాసార్లు చూశాను.

ఇక్కడికి "హెడ్ జామ్" అని వచ్చే పోస్టుల్లో చాలావాటికి అసలు జామ్ కారణం కాదని నా అభిప్రాయం. అందుకే ముందు ఆ రెండు కాగితాలు.

రంగులరాట్నం

చిన్న చేర్పు. నాజిల్ చెక్‌లో పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి సరిగా ఆనవు, ఖాళీ ఉన్నా లేనట్టే అనిపిస్తుంది. నీలం లైటు కింద పెట్టి చూడండి, పసుపు నల్లగా తేలుతుంది. ఫోన్ స్క్రీన్ మొత్తం నీలం రంగు పెట్టి చీకట్లో దాని వెలుగులో చూసినా చాలు. లైట్ సయాన్ మీదే దృష్టి పెట్టి పసుపు వదిలేస్తే తర్వాత చర్మం రంగులు తేడా కొట్టి జుట్టు పీక్కోవాలి.

ఏ3ప్లస్

రెండు కాగితాలూ తీశాను. లైట్ సయాన్ ఖాళీలు అచ్చం ఒకే చోట ఉన్నాయి, గీత కూడా తేడా లేదు. మెజెంటాలో మిగిలిన ఒకట్రెండు ఖాళీలు మాత్రం రెండో కాగితంలో వేరే చోటికి మారాయి. పసుపు నీలం వెలుగులో చూశాను, బాగానే ఉంది. థాంక్స్ రంగులరాట్నం గారూ, ఈ చిట్కా నాకు తెలీదు.

సర్వీస్‌బెంచ్

అయితే మెజెంటాని మర్చిపోండి, అది గాలి. లైట్ సయాన్‌ది నిజంగా అడ్డే అనుకుని ముందుకు పోదాం.

పవర్ క్లీనింగ్ మళ్లీ మళ్లీ ఎందుకు వద్దన్నానంటే: క్లీనింగ్ అప్పుడు హెడ్ కింద ఉన్న రబ్బరు క్యాప్ హెడ్‌కి అతుక్కుంటుంది, దాని వెనకున్న పంపు పీలుస్తుంది. పీల్పు ఆ క్యాప్ కిందున్న నాజిళ్లన్నిటి మీదా ఒకేసారి పడుతుంది. తెరిచి ఉన్న నాజిల్ నుంచి ఇంకు సులువుగా వచ్చేస్తుంది కాబట్టి పీల్పంతా అటే పోతుంది. మూసుకున్న నాజిల్ మీద మిగిలేది తక్కువ. అంటే అడ్డు ఎంత మొండిదైతే మీ క్లీనింగ్ అంతగా మిగతా ఏడు రంగుల్ని తాగుతుంది. ఆ తాగిందంతా వేస్ట్ ఇంకు ప్యాడ్‌లోకి లేదా మెయింటెనెన్స్ బాక్సులోకి చేరుతుంది. అది నిండిందని కౌంటర్ చెప్పగానే ప్రింటర్ నిలిచిపోతుంది.

వరసగా పీలిస్తే కొత్త గాలి కూడా లోపలికి రావచ్చు. మీ మెజెంటా ఖాళీలు అలా వచ్చినవే అయ్యుండొచ్చు. ఎప్సన్ వాళ్ల చాలా మోడళ్ల మాన్యువల్స్‌లో నాజిల్ చెక్, క్లీనింగ్ 3 సార్లు చేసినా మారకపోతే ఆపేసి కనీసం 12 గంటలు వదిలేయమని ఉంటుంది. ఎవరూ చదవరు, చదివినా ఆగరు. ఆ 12 గంటల్లో మెత్తబడిన మడ్డి ఇంకాస్త నానుతుంది, బుడగలు తేలిపోతాయి. ఊరికే పెట్టిన నియమం కాదది.

మోనోక్రోమ్

పిగ్మెంట్ ఇంకు గురించి ఒక మాట. డై ఇంకు ఎండినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది, దానికి డిస్టిల్డ్ వాటర్ చాలు. పిగ్మెంట్‌లో రంగు కణాలు కరిగి ఉండవు, నీళ్లలో తేలుతూ ఉంటాయి, చుట్టూ రెసిన్ పూత ఉంటుంది. గోడకేసిన ఎమల్షన్ పెయింట్ ఆరాక నీళ్లు చల్లితే పోతుందా? ఇదీ అంతే. తడి ఆరిందంటే రెసిన్ పొర కట్టేస్తుంది. కాబట్టి ఉత్త నీళ్లతో అయ్యే పని కాదు. పిగ్మెంట్ ఇంకు కోసమే చేసిన హెడ్ క్లీనింగ్ ద్రవం కావాలి. అవి సాధారణంగా కొంచెం క్షారగుణంతో ఉంటాయి, ఆ రెసిన్లు క్షారంలోనే మెత్తబడతాయి. కొందరు అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో పని కానిస్తారు, దానికీ ఇదే కారణం. కానీ ఆ సీసాలో సువాసన, రంగు, ఇంకా ఏమేం కలిపారో మనకు తెలీదు కాబట్టి నేను సిఫార్సు చేయను. ఏం చేసినా బ్లీచ్, అమ్మోనియా మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇక రబ్బింగ్ ఆల్కహాల్. నీళ్లలో విడివిడిగా తేలేలా చేసిన పిగ్మెంట్ కణాలకు ఆల్కహాల్ ఎక్కువ తగిలితే అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. నాజిల్ రంధ్రం వెడల్పు పదుల మైక్రాన్లలో ఉంటుంది, వెంట్రుక కన్నా సన్నం. అందులో ముద్దలు పుట్టించే ద్రవం ఎవరైనా పోస్తారా?

ఫోటోపిచ్చి

మోనోక్రోమ్ గారూ, నేను ఎప్పట్నుంచో ఆల్కహాల్ వాడుతున్నాను, నా హెడ్‌కి ఏమీ కాలేదే.

మోనోక్రోమ్

మీది డై ఇంకు ప్రింటర్ అని పోయినసారి ఎక్కడో రాశారు కదా. డై మీద కొన్నిసార్లు పనిచేస్తుంది, కాదనను. ఆయనది పిగ్మెంట్. అదొక్కటే కాదు, దూదితో తుడవడం కూడా వద్దు. నాజిల్ ప్లేట్ మీద ఇంకు అంటకుండా ఒక సన్నటి పూత ఉంటుంది. రుద్దితే అది గీసుకుపోతుంది. ఆ తర్వాత ఇంకు చుక్క సూటిగా పడదు, పక్కకు పడుతుంది. పోగులు ఇరుక్కోవడం మరో తలనొప్పి. హెడ్‌ని రుద్దకూడదు, నానబెట్టాలి.

సర్వీస్‌బెంచ్

మోనోక్రోమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నానబెట్టే ముందు ఏ3ప్లస్ గారు ఇంకో పరీక్ష చేయాలి. అసలు పంపు పీలుస్తోందా?

ప్రింటర్ ఆన్ చేసి, ఏదైనా ప్రింట్ పంపండి. హెడ్ పార్కింగ్ చోటు వదిలి బయటకు రాగానే ప్లగ్ పీకేయండి. ఇప్పుడు క్యారేజ్ చేత్తో కదులుతుంది, మెల్లగా పక్కకు జరపండి. కింద దీర్ఘచతురస్రంలా స్పాంజ్ ఉన్న రబ్బరు పెట్టె కనిపిస్తుంది, అదే క్యాప్. సూది లేని సిరంజితో గానీ పిల్లలకు మందు వేసే డ్రాపర్‌తో గానీ అందులో డిస్టిల్డ్ వాటర్ పోయండి, అంచుకు కాస్త కిందివరకు. పొంగించొద్దు. ప్లగ్ పెట్టి ఆన్ చేసి ఒక్కసారి మామూలు క్లీనింగ్ ఇవ్వండి. అయ్యాక మళ్లీ అలాగే హెడ్ జరిపి చూడండి. క్యాప్ ఖాళీ అయితే పంపు బాగుంది. నీళ్లు అలాగే ఉంటే మీరు ఇప్పటిదాకా చేసిన క్లీనింగులు పూర్తిగా పనిచేసినట్టు కాదు.

హెడ్ పక్కన వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాని మీద తడి చుక్క పడినా ప్రమాదమే, షార్ట్ అయి హెడ్‌తో పాటు మెయిన్ బోర్డు పోతుంది. చేతులు పొడిగా ఉంచుకోండి.

కొత్తగా_చేరా

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. నాది థర్మల్ హెడ్ ప్రింటర్, డై ఇంకు. హెడ్‌ని మీట ఎత్తి బయటకు తీసేయొచ్చు. నాకూ నల్ల రంగు రావట్లేదు. ఇదే పద్ధతా?

పాతసిరా

మీ పని సులువు. పీజో హెడ్‌లో కరెంటు ఇస్తే స్ఫటికం వంగి ఇంకుని నెడుతుంది. థర్మల్‌లో నాజిల్ వెనక చిన్న రెసిస్టర్ ఉంటుంది. అది క్షణంలో వందల డిగ్రీలకు వేడెక్కుతుంది, ఇంకు ఆవిరై బుడగ పుడుతుంది, ఆ బుడగే చుక్కని బయటకు తోస్తుంది. ఈ ఆలోచన పుట్టిన కథ మీకు తెలుసో లేదో. 1977లో కానన్ పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు ఉన్న సిరంజి సూదికి తగిలింది, సూది కొస నుంచి ఇంకు చిమ్మింది. అక్కడి నుంచే బబుల్ జెట్ వచ్చింది. సరే, కథ పక్కన పెట్టి మీ హెడ్ సంగతికి వస్తాను.

థర్మల్‌లో ఒక ప్రమాదం ఉంది. ఇంకు లేకుండా రెసిస్టర్ వేడెక్కితే చల్లబరిచేది ఏమీ ఉండదు, కాలిపోతుంది. అందుకే రంగు రావట్లేదని తెలిసీ పేజీల మీద పేజీలు తీయొద్దు. హెడ్ బయటకు తీసి, అడుగు భాగం మాత్రమే మునిగేలా గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టండి. మరిగే నీళ్లు వద్దు. రంగు దిగుతున్నంతసేపు నీళ్లు మారుస్తూ ఉండండి. రాగి రంగు కాంటాక్టులు ఉన్న వైపు తడవకూడదు. ఒకవేళ తడిస్తే పూర్తిగా ఆరేదాకా, అంటే కనీసం ఒక రోజు, ప్రింటర్‌లో పెట్టొద్దు. తొందరపడి పెట్టడం వల్లే చాలా హెడ్లు పోతాయి.

కొత్తగా_చేరా

థాంక్యూ అండీ. ఈ వారాంతం ప్రయత్నిస్తాను.

ఏ3ప్లస్

సర్వీస్‌బెంచ్ గారూ, మీ అనుమానం నిజమే. క్లీనింగ్ అయ్యాక కూడా క్యాప్‌లో నీళ్లు దాదాపు సగం అలాగే ఉన్నాయి! మురికి రంగులో. క్యాప్ అంచు చుట్టూ ఎండిన ఇంకు పెచ్చులు కట్టి ఉంది, స్పాంజ్ నల్లగా బంకలా ఉంది. ఇప్పుడు కొంచెం టెన్షన్‌గా ఉంది. పంపు పోయినట్టేనా?

సర్వీస్‌బెంచ్

టెన్షన్ వద్దు, ఇది శుభవార్తే. సగం పీల్చిందంటే పంపు బతికే ఉంది. అంచు మీద పెచ్చు ఉంటే క్యాప్ హెడ్‌కి సరిగా అతుక్కోదు, పక్క నుంచి గాలి లాగుతుంది, పీల్పు నీరసపడుతుంది. ఒక్క దెబ్బకు రెండు నష్టాలు ఇక్కడ. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు హెడ్ ఎండిపోకుండా కాపాడాల్సింది కూడా ఆ క్యాపే. అది సరిగా మూయకపోతే హెడ్ తెరిచి పెట్టినట్టే లెక్క. మీ లైట్ సయాన్ ఎండడానికి అసలు కారణం ఇదే కావచ్చు.

ఇలా చేయండి. హెడ్ పక్కకు జరిపి, పోగులు రాలని స్పాంజ్ స్వాబ్‌ని క్లీనర్‌లో తడిపి, క్యాప్ రబ్బరు అంచు చుట్టూ నిదానంగా తుడవండి. పెచ్చు గోటితో గీకొద్దు, రబ్బరు చిరిగితే క్యాప్ మార్చాల్సిందే. పక్కనే నిలబడి ఉండే సన్నటి రబ్బరు రేకు వైపర్, దాన్నీ రెండు వైపులా శుభ్రం చేయండి. దాని మీద గడ్డ ఉంటే ప్రతిసారీ మీ హెడ్‌కి ఆ మురికే పూస్తుంది. స్పాంజ్ మీద క్లీనర్ పోసి కాసేపు నాననిచ్చి, డ్రాపర్‌తోనే వెనక్కి లాగేయండి. ద్రవం తేటగా వచ్చేదాకా చేయండి.

తర్వాత మళ్లీ నీళ్ల పరీక్ష. ఈసారి క్యాప్ ఖాళీ అయితేనే నానబెట్టడం మొదలుపెట్టండి. క్యాప్‌లో నీళ్లకు బదులు క్లీనర్ పోసి, ప్లగ్ పీకి ఉండగానే హెడ్‌ని మెల్లగా దాని మీదికి తోయండి. చివర్లో క్యాప్ పైకి లేచి హెడ్‌ని మూస్తుంది. ఓ రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున ఒక్క మామూలు క్లీనింగ్, ఒక నాజిల్ చెక్. పవర్ క్లీనింగ్ ఊసెత్తొద్దు.

రంగులరాట్నం

హెడ్ కింద తడి టిష్యూ మడత పెట్టే పద్ధతి కూడా ఉంది కదా? నాకు అదే తేలిక అనిపిస్తుంది.

సర్వీస్‌బెంచ్

పనిచేస్తుంది. కానీ మడత మందం ఎక్కువైతే హెడ్‌కి రాసుకుంటుంది, టిష్యూ ఎండితే ఉల్టా నాజిల్లోంచి ఇంకు పీల్చేస్తుంది. క్యాప్ బాగున్నప్పుడు నాకు క్యాప్ పద్ధతే ఇష్టం. క్యాప్ పాడైన ప్రింటర్‌కి టిష్యూ తప్పదు.

ఏ3ప్లస్

వచ్చింది! దాదాపుగా. క్యాప్, వైపర్ శుభ్రం చేశాక నీళ్లు మొత్తం పీల్చేసింది. రాత్రంతా నానబెట్టి పొద్దున క్లీనింగ్ ఇస్తే లైట్ సయాన్ చాలా గీతలు తిరిగొచ్చాయి. మర్నాడు మళ్లీ నానబెట్టాను. ఇప్పుడు మూడు గీతలే లేవు. మెజెంటా దానంతటదే నిండింది, మీరన్నట్టే. ఆ మూడింటి కోసం సిరంజి పెట్టనా?

పాతసిరా

వద్దు బాబూ. మూడు గీతల కోసం హెడ్‌ని పణంగా పెట్టొద్దు. సిరంజి అంటే ఇంకు వచ్చే దారిలోంచి ఒత్తిడితో తోయడం. ఒత్తిడి ఎంతో మీ బొటనవేలికి తెలీదు. హెడ్ లోపల సన్నటి పలకల్ని పొరలుగా అతికించి ఉంటారు. గట్టిగా నొక్కితే పొరల మధ్య చీలిక వస్తుంది, ఒక రంగు పక్క రంగులోకి కారుతుంది. అలా అయిన హెడ్ ఇక బాగవదు. ఏ దారీ లేక, హెడ్ మార్చాలా ప్రింటరే మార్చాలా అని ఆలోచిస్తున్న దశలో, పోతే పోయిందనుకుని చేసే పని అది. అప్పుడైనా నెమ్మదిగా ఒక చుక్క తోసి ఆగడం, నానబెట్టడం, మళ్లీ ఒక చుక్క. ఎదురొత్తిడి తగిలితే అక్కడితో మానేయాలి.

మోనోక్రోమ్

నేనూ అదే అంటాను. మూడు గీతలు లేకపోతే నాణ్యత ఎక్కువ ఉన్న ప్రింట్ మోడ్‌లో తేడా కనిపించదు. ఆ మోడ్‌లో హెడ్ ఒకే చోటు మీదుగా చాలాసార్లు వెళ్తుంది, ప్రతి వరసనూ వేర్వేరు నాజిళ్లు నింపుతాయి. ఒకటి పనిచేయకపోతే పక్కవి చాలావరకు కప్పేస్తాయి. డ్రాఫ్ట్ మోడ్‌లోనే చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు చేయాల్సింది ఆ రంగుని వాడటం. ఇక్కడ చాలామంది చేసే పని, ముదురు సయాన్ పేజీ నిండా తీయడం. దానివల్ల ఖర్చయ్యేది మామూలు సయాన్, లైట్ సయాన్ కాదు. లేత రంగుల దగ్గరే ప్రింటర్ లైట్ ఇంకు వాడుతుంది. ఫోటో ఎడిటర్‌లో బాగా లేత ఆకాశం రంగు పేజీ నింపి, ఫోటో పేపర్ సెట్టింగ్‌తో తీయండి. కాగితం మామూలుదైనా పర్లేదు. రోజుకొకటి చొప్పున కొన్నాళ్లు తీస్తే మిగిలిన గీతలు వాటంతటవే తెరుచుకునే అవకాశం ఎక్కువ. తాజా ఇంకు ఆ పక్క నుంచే పారుతుంటే అందులోని ద్రావకాలే మిగిలిన మడ్డిని నానబెడతాయి.

ఇంకో మాట. ఇంకు పూర్తిగా పారుతున్నా అవే గీతలు ఎన్నాళ్లకీ రాకపోతే అది అడ్డు కాదు, ఆ మూలకాలు పోయాయి. దానికి మందు లేదు.

ఫోటోపిచ్చి

బాగుంది, నాకూ పనికొచ్చే విషయాలు తెలిశాయి. మరి మళ్లీ ఎండకుండా ఏం చేయాలి? నేను వాడనప్పుడు గోడ స్విచ్ ఆపేస్తాను, కరెంటు దండగని.

సర్వీస్‌బెంచ్

ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపి, లైట్లన్నీ ఆరాకే గోడ స్విచ్ ఆపండి. బటన్ నొక్కితే హెడ్ వెళ్లి క్యాప్ మీద కూర్చుంటుంది. గోడ దగ్గర నేరుగా ఆపితే హెడ్ ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది, నాజిళ్లు గాలికి తెరిచి ఉంటాయి. పిగ్మెంట్ ఇంకు అయితే అలా కొన్ని రోజులు చాలు.

వారానికో రంగుల పేజీ తీయండి. గది మరీ పొడిగా ఉండకూడదు, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. ఏసీ గాలి నేరుగా ప్రింటర్ మీద పడకుండా చూసుకోండి. క్యాప్ అంచు, వైపర్ అప్పుడప్పుడు చూస్తుండండి.

మోనోక్రోమ్

నలుపు ఇంకు రెండు రకాలు వాడేవాళ్లకు: ఎప్సన్ పీ600, పీ800 లాంటి వాటిలో మ్యాట్ బ్లాక్ (మెరుపు లేని కాగితానికి), ఫోటో బ్లాక్ (మెరిసే కాగితానికి) ఒకే నాజిల్ వరసను పంచుకుంటాయి, మార్చిన ప్రతిసారీ ఇంకు పారబోస్తుంది. అందుకని ఒకదాన్నే నెలల తరబడి వాడేవాళ్లుంటారు. రెండోదాని దారిలో ఇంకు కదలకుండా నిలిచిపోతుంది. అప్పుడప్పుడు మార్చడం మంచిది. పీ700, పీ900లో వేర్వేరు వరసలు ఉన్నాయి, ఈ బాధ లేదు.

కొత్తగా_చేరా

పాతసిరా గారూ, నల్ల రంగు వచ్చేసింది! ఆరబెట్టే దగ్గర ఓపిక పట్టాను. కానీ కొత్త సమస్య, పసుపు గీతల్లో కాస్త ఆకుపచ్చ ఛాయ కనిపిస్తోంది. ముందు ఇలా లేదు.

పాతసిరా

నానబెట్టినప్పుడు దిగిన సయాన్ పసుపు నాజిళ్ల నోట్లోకి చేరి ఉంటుంది, అంతకన్నా ఏమీ లేదు. పసుపు నిండా ఉన్న పేజీలు రెండు మూడు తీయండి, తేటపడుతుంది. పేజీలు తీసినా తగ్గకుండా, ఓ గంట ఆపి తీస్తే ఆకుపచ్చ ఇంకా పెరిగితే మాత్రం ఇక్కడ చెప్పండి. అప్పుడు క్యాప్‌లో ఇంకు నిలిచి వెనక్కి ఎక్కుతోందని అర్థం, మీరూ ఆ నీళ్ల పరీక్ష చేయాల్సి ఉంటుంది.

కొత్తగా_చేరా

మూడో పేజీకి శుభ్రమైన పసుపు వచ్చేసింది. గంట ఆగి మళ్లీ తీసి చూస్తాను.